లైంగిక నేరస్థులపై ఎలక్ట్రానిక్ నిఘా: గోప్యతా హక్కు కోణంలో ఉత్తర్వును చదివే పద్ధతి

లైంగిక నేరంలో శిక్ష పడిన వ్యక్తి కాలికి జీపీఎస్ పట్టీ తొడగాలని కోర్టు ఆదేశించినప్పుడు, లేదా అలాంటి నిఘాను తప్పనిసరి చేసే చట్టం ముసాయిదా చర్చకు వచ్చినప్పుడు, వాదన చాలా త్వరగా రెండు వైపులకు చీలిపోతుంది. పిల్లల భద్రత ముందు నేరస్థుడి గోప్యత ఒక లెక్కా అని ఒకరు అడుగుతారు. శిక్ష అనుభవించి వచ్చిన మనిషిని జీవితాంతం వెంటాడే అధికారం ప్రభుత్వానికి ఎక్కడిదని మరొకరు అడుగుతారు. రెండూ అడగవలసిన ప్రశ్నలే. కానీ ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని, అది నిలుస్తుందో నిలవదో తేల్చవలసిన వారికి, అంటే జూనియర్ న్యాయవాదికి, న్యాయశాస్త్ర విద్యార్థికి, ముసాయిదాపై అభిప్రాయం రాయవలసిన సంఘానికి, కోర్టు వార్తలు రాసే విలేఖరికి, ఈ రెండు ప్రశ్నలతో పని జరగదు. వారికి ఏది ముందు చూడాలో, ఏది తరువాత చూడాలో తెలియాలి. ఆ క్రమాన్ని వివరించడానికే ఈ వ్యాసం.

నా అభిప్రాయాన్ని ముందే చెప్పేస్తాను. కాలి పట్టీ మనిషి ఎక్కడ ఉన్నాడో చెబుతుంది. అక్కడ ఏం చేస్తున్నాడో చెప్పదు. ఈ ఒక్క తేడాను చివరిదాకా మరిచిపోకుండా చదివితే, ఏ ఉత్తర్వు నిజంగా ఎవరినైనా కాపాడుతుందో, ఏది కేవలం ప్రజల భయానికి ఊరట కోసం రాసిందో చాలావరకు బయటపడుతుంది.

ముందుగా, ఆ మనిషి ఏ దశలో ఉన్నాడో చూడండి

ఉత్తర్వులో మొట్టమొదట వెతకవలసింది నేరం పేరు కాదు, ఆ వ్యక్తి ప్రస్తుత చట్టపరమైన స్థితి. శిక్షలో భాగంగా ప్రొబేషన్‌పై, అంటే జైలు బయట అధికారి పర్యవేక్షణలో ఉన్నాడా, జైలు నుంచి ముందుగా విడుదలై పెరోల్‌పై ఉన్నాడా, లేక శిక్ష మొత్తం పూర్తి చేసుకుని ఏ పర్యవేక్షణా లేకుండా బయట తిరుగుతున్నాడా? పెరోల్‌పై ఉన్న వ్యక్తి ఇంకా శిక్షాకాలంలోనే ఉన్నాడు గనుక అతని గోప్యత తగ్గిన స్థాయిలోనే ఉంటుందని చాలా దేశాల కోర్టులు అంగీకరిస్తాయి. శిక్ష పూర్తయిన వ్యక్తి విషయంలో ఆ సమాధానం అంత తేలికగా దొరకదు.

ఈ తేడా ఎంత పనిచేస్తుందో అమెరికాలోని నార్త్ కరోలినా వ్యాజ్యం చూస్తే తెలుస్తుంది. రెండు వేర్వేరు లైంగిక నేరాల్లో శిక్ష పడిన వ్యక్తిని, శిక్షలు ముగిసిన తరువాత, జీవితాంతం ఉపగ్రహ నిఘాలో ఉంచాలని కింది కోర్టు ఆదేశించింది. గ్రేడీ వర్సెస్ నార్త్ కరోలినా పేరుతో ఆ వివాదం అమెరికా సుప్రీంకోర్టుకు చేరినప్పుడు, 2015 మార్చిలో కోర్టు ఒక మౌలిక విషయం తేల్చింది: సమాచారం రాబట్టే ఉద్దేశంతో మనిషి ఒంటికి అతని సమ్మతి లేకుండా పరికరం తగిలించడం రాజ్యాంగం మాట్లాడే సోదా కిందికే వస్తుంది, ఆ పథకానికి సివిల్ పథకం అని పేరు పెట్టినంత మాత్రాన సోదా సోదా కాకుండా పోదు. అయితే ఆ సోదా సహేతుకమైనదా కాదా అన్నది తేల్చమని రాష్ట్ర కోర్టులకే తిప్పి పంపింది. 2019 ఆగస్టులో నార్త్ కరోలినా సుప్రీంకోర్టు, శిక్ష పూర్తి చేసుకుని ఎలాంటి పర్యవేక్షణలోనూ లేని వ్యక్తిపై, పాత శిక్షలు ఒకటికి మించి ఉన్నాయన్న ఒక్క కారణంతో, జీవితకాల నిఘాను తప్పనిసరి చేయడం చెల్లదని చెప్పింది. రెండేళ్లకే, 2021లో, హిల్టన్ కేసులో అదే కోర్టు తీవ్రమైన లైంగిక నేరాల వర్గంలోని వారి విషయంలో నిఘాను సమర్థించింది. కాబట్టి నార్త్ కరోలినా జీవితకాల నిఘాను కొట్టివేసిందని ఎవరైనా ఒక్క ముక్కలో చెబితే నమ్మకండి. ఎవరి విషయంలో, ఏ దశలో కొట్టివేసిందో అడగండి.

అదే జాగ్రత్త ఇతర తీర్పులకూ అవసరం. భారత సుప్రీంకోర్టు 2024 జులై 8న ఫ్రాంక్ వైటస్ కేసులో, బెయిలు పొందిన నిందితుడి కదలికలను పోలీసులు నిరంతరం గమనించే వీలు కల్పించే షరతు పెట్టరాదని, అది జీవించే హక్కులో భాగమైన గోప్యతకు విరుద్ధమని చెప్పింది. ఫోనులోని పటంలో తానున్న చోటును గుర్తు పెట్టి దర్యాప్తు అధికారికి కనిపించేలా చేయాలన్న షరతును తొలగించింది. గోప్యత పక్షాన వాదించేవారికి అది విలువైన తీర్పే. కానీ అందులోని వ్యక్తి నేరం ఇంకా రుజువు కాని నిందితుడు. శిక్ష పడిన వ్యక్తి కేసులో దాన్ని ఉదహరించేటప్పుడు ఈ తేడాను మనమే ముందుగా ఒప్పుకుని, ఆ తరువాత దానిలోని సూత్రం ఎంతవరకు వర్తిస్తుందో చెప్పాలి. లేకపోతే అవతలి న్యాయవాది ఒక్క వాక్యంతో దాన్ని పక్కన పెట్టేస్తారు.

పరికరాన్ని దగ్గరగా చూడండి

న్యాయ వాదనలు చాలావరకు పరికరాన్ని ఒక భావనగా మాత్రమే చూస్తాయి. అది ఒక వస్తువు. దాని బరువు, బ్యాటరీ, తప్పులు అన్నీ ఒక మనిషి కాలి మీద ఉంటాయి. అందుకే ఉత్తర్వులో ఏ రకం పరికరం అని రాసి ఉందో చూడడం తప్పనిసరి.

పాత రకం పరికరం రేడియో తరంగాలతో పనిచేస్తుంది. ఇంట్లో పెట్టిన ఒక పెట్టె, కాలి పట్టీ తన పరిధిలో ఉందో లేదో మాత్రమే చూస్తుంది. 1983లో అమెరికాలోని అల్బుకర్కీలో జాక్ లవ్ అనే న్యాయమూర్తి ఆదేశంతో మొదలైనది ఈ తరహా పట్టీయే. మనిషి ఇంట్లో ఉన్నాడా లేడా అన్నదాన్ని మించి దానికి ఏమీ తెలియదు. జీపీఎస్ పట్టీ అలా కాదు. అది ఉపగ్రహాల సంకేతాల ఆధారంగా నిమిషానికో, కొన్ని నిమిషాలకో ఒకసారి తానున్న చోటును లెక్కగట్టి, మొబైల్ నెట్‌వర్క్ ద్వారా నిఘా కేంద్రానికి పంపుతూ ఉంటుంది. మొదటిది ఒక ప్రశ్నకు జవాబిస్తే, రెండోది మనిషి రోజంతటినీ గీసి చూపిస్తుంది: ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాడు, ఏ ప్రార్థనా స్థలంలో ఎంతసేపు కూర్చున్నాడు, రాత్రి ఎవరి ఇంట్లో ఉన్నాడు, ఏ సభకు హాజరయ్యాడు. 2018లో కార్పెంటర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు సెల్‌ఫోన్ లొకేషన్ వివరాల గురించి మాట్లాడుతూ, ఫోను వాడే మనిషికి కాలి పట్టీ తగిలించినంత పనిగా దాన్ని పోల్చింది. అంటే సంపూర్ణ నిఘా ఎలా ఉంటుందో చెప్పవలసి వచ్చినప్పుడు న్యాయమూర్తులకు తోచిన ఉపమానమే కాలి పట్టీ. గోప్యతా నష్టం స్వల్పమేనని ప్రభుత్వ పక్షం అన్నప్పుడు గుర్తు చేయవలసిన మాట ఇది.

ఇక దైనందిన జీవితం. పట్టీని ఛార్జింగ్ చేయాలి, కాలి నుంచి తీయకూడదు. కాబట్టి మనిషే గోడ పక్కన, ప్లగ్గుకు వేలాడే తీగ పొడవులో, రోజుకు ఒకటి రెండు గంటలు కూర్చోవాలి. పని ముగించుకుని వచ్చి నిద్రలోకి జారుకున్నవాడి బ్యాటరీ తెల్లవారేలోపు అయిపోతే, నిఘా కేంద్రంలో అది ఉల్లంఘనగా నమోదయ్యే అవకాశం ఉంది. ఎత్తైన భవనాల మధ్య, కాంక్రీటు కప్పు కింద, నేలమాళిగల్లో ఉపగ్రహ సంకేతం బలహీనపడుతుంది, లేదా గోడలకు తగిలి దారి తప్పి వస్తుంది. అప్పుడు పటం మీది చుక్క పదుల మీటర్లు పక్కకు జరుగుతుంది. బడి ప్రహరీకి ఎదురింట్లో మంచం మీద పడుకున్న మనిషి, పటంలో మాత్రం బడి ఆవరణలో నిలబడినట్టు కనిపిస్తాడు. ఆ చుక్కను చూసిన అధికారి అర్ధరాత్రి తలుపు తట్టాలి. పదిసార్లు ఇలా జరిగాక పదకొండోసారి నిజమైన ఉల్లంఘన జరిగితే, దాన్ని ఎంత వేగంగా పట్టించుకుంటారో ఆలోచించండి. తప్పుడు అలర్టులు నేరస్థుడికి వేధింపు మాత్రమే కాదు, బాధితులకూ ప్రమాదమే. ఈ మాటను గోప్యత వాదించేవారు తక్కువగా వాడుకుంటారు, ఎక్కువగా వాడుకోవాలి.

కాబట్టి ఉత్తర్వు చదివేటప్పుడు పట్టీ రకం, చోటును ఎంత తరచుగా నమోదు చేస్తుంది, ఛార్జింగ్ అయిపోతే దాన్ని సాంకేతిక లోపంగా చూస్తారా ఉల్లంఘనగా చూస్తారా, అలర్టు వచ్చాక మొదట ఎవరు ఎవరికి ఫోను చేయాలి, పరికరం ఖర్చు ఎవరు భరించాలి అన్నవి రాసి ఉన్నాయో లేదో చూసుకోండి. ధరించిన వ్యక్తి నుంచే రుసుము వసూలు చేసే పద్ధతి అమెరికాలో అనేక చోట్ల ఉంది. కట్టలేనివాడి గతి ఏమిటో చెప్పని ఉత్తర్వు అసంపూర్ణం.

ఏ కీడును ఆపడానికి ఈ పట్టీ?

ఈ ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యమైనది. నేను చూసినంతలో ఉత్తర్వులు చాలావరకు దీన్ని దాటవేస్తాయి. సమాజ భద్రత కోసం అన్న రెండు మాటలతో సరిపెట్టకుండా, ఈ వ్యక్తి ఎవరికి, ఏ పరిస్థితిలో, ఎలాంటి హాని చేసే ప్రమాదం ఉందో స్పష్టంగా చెప్పమని అడగండి. ఆ తరువాతే ఆ హానిని పట్టీ చూడగలదా అన్న ప్రశ్నకు అర్థం ఉంటుంది.

చిన్నపిల్లలపై లైంగిక దాడుల గురించి అమెరికా న్యాయ శాఖ గణాంక విభాగం 2000లో వెలువరించిన విశ్లేషణలో, పోలీసుల దృష్టికి వచ్చిన కేసుల్లో నిందితులు దాదాపు 34 శాతం కుటుంబ సభ్యులని, 59 శాతం పరిచయస్థులని, అపరిచితులు 7 శాతమేనని తేలింది. పార్కు దగ్గర మాటువేసే అపరిచితుడిని ఊహించుకుని గీసిన నిషిద్ధ ప్రాంతాల పటం, ఇంటి లోపలే జరిగే నేరాన్ని చూడలేదు. పట్టీ ధరించిన వ్యక్తి బంధువుల ఇంట్లో ఉన్నాడన్న చుక్క అధికారికి నిశ్చింతనే కలిగిస్తుంది. ఆ ఇంట్లో ఒక పిల్ల ఉందన్న సంగతి పటంలో ఉండదు.

2021 ఆగస్టులో సియోల్‌లో జరిగిన ఘోరం దీన్ని చాలా కఠినంగా నిరూపించింది. దక్షిణ కొరియాలో లైంగిక నేరస్థులకు ఎలక్ట్రానిక్ పట్టీ 2008 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. 2010 సవరణతో గరిష్ఠ గడువును 30 ఏళ్లకు పెంచారు. అలాంటి పట్టీ ధరించిన ఒక పాత నేరస్థుడు ఆ నెలలో ఇద్దరు స్త్రీలను చంపాడు. రెండో హత్య పట్టీ తెంచి పారిపోయాక చేశాడు గనుక, చర్చ అంతా పట్టీ మరింత గట్టిగా ఉండాలన్న దాని చుట్టూ తిరిగింది. కానీ మొదటి హత్య పట్టీ కాలికి ఉండగానే, తన ఇంట్లోనే చేశాడు. అతడు ఉండవలసిన చోటే ఉన్నాడు. పట్టీ తన పని తాను చేసింది. ఒక ప్రాణం పోయింది.

ఇదంతా చెప్పి పట్టీ వల్ల ఉపయోగమే లేదంటే అది నిజాయితీ కాదు. కాలిఫోర్నియాలో పెరోల్‌పై ఉన్న, ప్రమాదం ఎక్కువని తేల్చిన లైంగిక నేరస్థుల మీద చేసి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, జీపీఎస్ పట్టీ ఉన్నవారు షరతులు ఉల్లంఘించడం, మళ్లీ అరెస్టు కావడం మామూలు పర్యవేక్షణలో ఉన్నవారి కంటే తక్కువగా కనిపించాయి. ఖర్చు మాత్రం మనిషికి రోజుకు సుమారు 27 డాలర్ల నుంచి 36 డాలర్లకు పెరిగింది. ప్రభుత్వ పక్షం ఈ అధ్యయనాన్ని ముందుకు తెస్తే కొట్టిపారేయకండి. ఆ ఫలితం ఎవరికి వర్తిస్తుందో అడగండి. అధ్యయనంలోనివారు పెరోల్ అధికారి పర్యవేక్షణలో ఉన్నవారు. పట్టీతో పాటు ఆ అధికారి కలుసుకోవడం, ప్రశ్నించడం, చికిత్సకు పంపడం కూడా ఉన్నాయి. శిక్ష పూర్తయి, వెనుక ఏ అధికారీ లేకుండా, పట్టీ ఒక్కటే మిగిలిన వ్యక్తి విషయంలో అదే ఫలితం వస్తుందని ఆ అధ్యయనం చెప్పదు. 2019 గ్రేడీ తీర్పులో ప్రభుత్వం ఓడిపోవడానికి ప్రధాన కారణాల్లో ఒకటి ఇదే: నిఘా వల్ల నేరాలు తగ్గుతాయనడానికి రాష్ట్రం కోర్టు ముందు ఆధారం పెట్టలేకపోయింది. నిరూపించే బాధ్యత నిఘా కోరేవారిది. దాన్ని వారి భుజం మీద నుంచి జారనివ్వకండి.

తూకం ఎలా వేయాలి

పై మూడు విషయాలు తేలాక తూకం వేయడం సులువవుతుంది. గోప్యత ప్రాథమిక హక్కేనని భారత సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో ప్రకటించినప్పుడు, ఆ హక్కులో జోక్యానికి చట్టం అండ ఉండాలని, న్యాయసమ్మతమైన ప్రభుత్వ ప్రయోజనం ఉండాలని, ఆ ప్రయోజనానికి, జోక్యం తీవ్రతకు మధ్య తగిన పాళ్లు ఉండాలని చెప్పింది. ఐరోపా కోర్టులు వాడే కొలత కూడా ఇంచుమించు ఇదే.

మొదటి రెండు మెట్ల దగ్గర ఎక్కువసేపు ఆగవలసిన పని సాధారణంగా ఉండదు. చట్టం ఉందా లేదా అన్నది చూడగానే తెలుస్తుంది. పిల్లలను, స్త్రీలను కాపాడడం న్యాయమైన ప్రయోజనం కాదని ఎవరూ అనరు. అసలు పోరాటం మూడో మెట్టు మీద. ఇంతకంటే తక్కువ చొరబాటుతో అదే ఫలితం సాధించవచ్చా అని అక్కడ అడగాలి. ఒక బాధితురాలి ఇంటి చుట్టూ, ఆమె పనిచేసే చోటు చుట్టూ మాత్రమే గీత గీసి, ఆ గీత దాటితేనే అలర్టు వచ్చేలా చేస్తే సరిపోతుందా? రాత్రివేళ మాత్రమే రేడియో పట్టీ చాలా? చికిత్స, అధికారి తరచు కలవడం, ఇంటర్నెట్ వాడకంపై నిర్దిష్టమైన షరతు ఇంతకంటే బాగా పనిచేస్తాయా? ఆన్‌లైన్‌లో పిల్లల చిత్రాలు సేకరించిన నేరంలో శిక్ష పడిన వ్యక్తి కాలికి జీపీఎస్ కట్టడం, నేరం జరిగిన చోటును వదిలి వేరే చోట వెతకడమే. 2019లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర అత్యున్నత కోర్టు ఫెలిజ్ కేసులో తీర్పు చెప్పింది ఇలాంటి చిత్రాలకు సంబంధించిన నేరంలోనే. ప్రొబేషన్ షరతుగా జీపీఎస్‌ను అందరికీ ఒకే గాటన కట్టి తప్పనిసరి చేయడం కుదరదని, ఒక్కొక్క వ్యక్తి విషయంలో విడిగా నిర్ణయించాలని ఆ కోర్టు చెప్పింది.

వ్యతిరేక దిశలో వచ్చిన తీర్పును కూడా చదివి తీరాలి. 2016లో బెలూ వర్సెస్ వాల్ కేసులో అమెరికా ఫెడరల్ కోర్టుల్లో ఒకటైన ఏడో సర్క్యూట్ అప్పీలు కోర్టు తరఫున న్యాయమూర్తి రిచర్డ్ పోస్నర్, జీవితాంతం జీపీఎస్ పట్టీ తప్పనిసరి చేసే విస్కాన్సిన్ రాష్ట్ర చట్టాన్ని సమర్థించారు. పిల్లలపై నేరాల చరిత్ర ఉన్న బెలూ వయసు అప్పటికి 73. నేర చరిత్ర వల్ల అతని గోప్యత ఇప్పటికే చాలావరకు కుదించుకుపోయిందని, అదనంగా కలిగే నష్టం సమాజానికి కలిగే లాభం ముందు స్వల్పమని పోస్నర్ వాదన. నాకు ఆ తూకం సరైనదిగా అనిపించదు. లాభాన్ని ఒక్కొక్క బాధితురాలి రూపంలో కళ్లముందు నిలబెట్టి, నష్టాన్ని మాత్రం ప్యాంటు కింద దాగే ఒక చిన్న పెట్టె అంత చేసి చూపడం సమానమైన తూకం కాదు. అయినా ఆ వాదనలో బలం ఉంది. పిల్లలపై నేరాలు చాలాసార్లు వెలుగులోకే రావు, మళ్లీ నేరం జరిగిందని తెలిసేసరికి ఆలస్యం అవుతుంది అన్న ఆందోళన నిజమైనది. దానికి జవాబు చెప్పకుండా గోప్యత గురించి రాసే అభ్యంతరం సగమే.

శిక్షా, రక్షణ చర్యా?

ఉత్తర్వు పాత నేరానికి కొత్త చట్టాన్ని వర్తింపజేస్తున్నట్లయితే ఈ ప్రశ్న నిర్ణాయకం అవుతుంది. నేరం చేసిన నాటికి లేని శిక్షను తరువాత విధించరాదన్నది చాలా రాజ్యాంగాల్లో ఉన్న సూత్రం. అందుకే ప్రభుత్వాలు నిఘాను శిక్ష అనకుండా నియంత్రణ చర్య అంటాయి. నేరస్థుల వివరాల రిజిస్టరు శిక్ష కాదని అమెరికా సుప్రీంకోర్టు 2003లో స్మిత్ వర్సెస్ డో కేసులో చెప్పింది. ఆ తీర్పును జీపీఎస్‌కు కూడా సాగదీసే ప్రయత్నం తరచుగా జరుగుతుంది. రిజిస్టరులో పేరు ఉండడం వేరు, ఒంటికి పరికరం తగిలి ఉండడం వేరు. మసాచుసెట్స్ కోర్టు 2009లో కోరీ కేసులో జీపీఎస్ పట్టీ శిక్షా స్వభావం కలిగినదేనని, కాబట్టి పాత నేరాలకు వెనక్కి వర్తింపజేయరాదని తేల్చింది. దక్షిణ కొరియా రాజ్యాంగ న్యాయస్థానం 2012 డిసెంబరులో దీనికి భిన్నంగా, వెనుకటి నేరాలకు వర్తింపును సమర్థించింది. కాబట్టి మీ ముందున్న చట్టంలో పేరు ఏమని పెట్టారో కాదు, ఉల్లంఘనకు జైలు ఉందా, మనిషి కదలికను ఎంత అడ్డుకుంటోంది, ప్రమాదం అంచనాతో సంబంధం లేకుండా కేవలం పాత నేరాన్ని బట్టే అమలవుతోందా అన్నవి చూసి నిర్ణయించండి.

గడువు, బయటపడే దారి

జీవితాంతం అన్న మాట ఉత్తర్వులో కనబడగానే, దాన్ని తిరిగి పరిశీలించే నిబంధన ఎక్కడుందో వెతకండి. లేకపోతే ఆ ఉత్తర్వు రాజ్యాంగ పరీక్షకు బలహీనంగా నిలబడుతుందని ధైర్యంగా చెప్పవచ్చు. అమెరికాలోని జార్జియా రాష్ట్ర సుప్రీంకోర్టు 2019 మార్చిలో పార్క్ కేసులో, శిక్ష పూర్తయ్యాక కూడా ప్రమాదకరమైన లైంగిక నేరస్థులుగా వర్గీకరించినవారికి జీవితకాల జీపీఎస్ తప్పనిసరి చేసిన నిబంధనను కొట్టివేసింది. మనిషి మారతాడు. వయసు మీద పడుతుంది, జబ్బు చేస్తుంది, చికిత్స పనిచేస్తుంది, ఒక్కోసారి పనిచేయదు. ఇరవై ఏళ్ల కిందట వేసిన అంచనా ఇవాళ్టి నిఘాకు ఆధారం కాలేదు.

ఈ విషయంలో జర్మనీ నమూనాను దగ్గర పెట్టుకుని చదవమని నేను సలహా ఇస్తాను. 2011 జనవరి నుంచి అక్కడ శిక్షాస్మృతిలోని 68బి నిబంధన కింద, తీవ్ర హింసా నేరాల్లో లేదా లైంగిక నేరాల్లో కనీసం 3 ఏళ్ల జైలు శిక్ష పూర్తిగా అనుభవించి, మళ్లీ అలాంటి నేరం చేసే ప్రమాదం ఉన్నవారికి పట్టీ విధించే వీలుంది. అవసరం కొనసాగుతోందా లేదా అని కోర్టు రెండేళ్లు నిండేలోపు తిరిగి చూడాలి. సాంకేతికంగా వీలైనంతవరకు, మనిషి సొంత ఇంట్లో ఉన్నప్పుడు ఇంట్లో ఉన్నాడన్న విషయానికి మించి లొకేషన్ సమాచారం సేకరించకూడదు. సేకరించిన సమాచారాన్ని నిర్దిష్ట అవసరం లేకపోతే రెండు నెలల్లో చెరిపేయాలి. ఈ జాగ్రత్తలన్నీ ఉన్నందునే ఫెడరల్ రాజ్యాంగ న్యాయస్థానం 2020 డిసెంబరు 1న ఆ నిబంధనను సమర్థించింది. అదే సమయంలో ఈ పద్ధతి వాస్తవంగా ఎలా పనిచేస్తోందో గమనిస్తూ ఉండే బాధ్యత శాసనకర్తలపై ఉందని గుర్తు చేసింది. గోప్యత హక్కు నిఘాను ప్రతిసారీ ఓడించనక్కర లేదు. నిఘా చేత హద్దులు ఒప్పించగలిగితే చాలాచోట్ల అదే పెద్ద విజయం.

సమాచారం ఎవరి చేతిలో ఉంటుందన్న ప్రశ్న దీనిలోంచే పుడుతుంది. నిఘా కేంద్రాన్ని ప్రైవేటు కంపెనీ నడుపుతోందా, వేరే నేరం దర్యాప్తులో పోలీసులు ఆ పటాన్ని అడిగితే కోర్టు అనుమతి కావాలా, పట్టీ ధరించిన వ్యక్తి ఇంట్లో ఉండే భార్య, తల్లి, పిల్లల కదలికలు కూడా పరోక్షంగా నమోదవుతున్నాయా? చివరి ప్రశ్నను దాదాపు ఎవరూ అడగరు. ఆ మనుషులు ఏ నేరమూ చేయలేదు.

బాధితురాలి వైపు నుంచి

గోప్యత వైపు వాదించేవారు బాధితురాలిని ఎదుటి పక్షంగా చూడడం పొరపాటు. ఆమె చిరునామా, ఆమె పనిచేసే చోటు, ఆమె పిల్లల బడి నిషిద్ధ ప్రాంతాలుగా ఉత్తర్వులో రాసి నేరస్థుడి చేతికి ఇస్తే, దాక్కోవాలనుకున్న మనిషి ఆచూకీ అతనికే చెప్పినట్టవుతుంది. ఆమె ఇల్లు మారిన సంగతి అతనికి తెలియకూడదనుకుంటే, గీతను ఇంటి చుట్టూ చిన్న వలయంగా కాక ఒక పెద్ద ప్రాంతంగా గీయమని కోరాలి. అలర్టు వస్తే ఆమెకు కూడా సమాచారం అందుతుందా, అందితే ఎంతసేపట్లో, ఎవరి ద్వారా అన్నవి కాగితం మీద ఉండాలి. నిర్దిష్టమైన ఒక వ్యక్తిని కాపాడేందుకు నిర్దిష్టమైన చోట్ల చుట్టూ గీసిన గీత, నా అంచనాలో, ఈ పరికరానికి అత్యంత న్యాయమైన ఉపయోగం. అక్కడ పట్టీ చెప్పగలిగేదీ, మనం తెలుసుకోవలసినదీ ఒక్కటే: అతడు ఆమె దగ్గరికి వస్తున్నాడా?

రాసేటప్పుడు

అభ్యంతరం రాస్తున్నా, ఉత్తర్వు ముసాయిదా రాస్తున్నా, నేరం ఎంత ఘోరమో వర్ణించే పేరాతో మొదలుపెట్టవద్దు. దాన్ని ఎవరూ కాదనరు, తూకాన్ని మాత్రం అది ముందే ఒక వైపుకు వంచేస్తుంది. వ్యక్తి స్థితి, తాజా ప్రమాద అంచనా ఎవరు ఏ తేదీన చేశారు, ఆపాలనుకుంటున్న హాని, దాన్ని ఈ పరికరం ఎలా ఆపగలదు, ఇంతకంటే చిన్న చర్య ఎందుకు చాలదు అన్న వరుసలో రాయండి. ప్రమాద అంచనా పాతదైతే కొత్తది చేయించమని కోరండి. గడువును నెలల్లో, సంవత్సరాల్లో అంకెలతో రాయండి; తగిన కాలం వరకు అన్న మాటను ఒప్పుకోవద్దు. సమీక్ష తేదీని ఉత్తర్వులోనే రాయించండి. ఆ తేదీన హాజరై ఆధారాలు చూపవలసిన బాధ్యత నిఘా కొనసాగాలని కోరేవారిదని కూడా రాయించండి. పట్టీ ధరించిన మనిషి తనంతట తాను దరఖాస్తు పెట్టుకోవాలంటే, న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేనివాడు పట్టీతోనే ముసలివాడవుతాడు.

ఉత్తర్వు అమల్లోకి వచ్చిన రోజు నుంచే ఒక పుస్తకం పెట్టమని ఆ వ్యక్తికి గానీ, అతని కుటుంబానికి గానీ చెప్పండి. ప్రతి అలర్టు ఎప్పుడు వచ్చింది, అప్పుడు తాను నిజంగా ఎక్కడ ఉన్నాడు, ఎవరు ఫోను చేశారు, ఏం చెప్పారు, పరికరం ఎన్నిసార్లు మార్చారు, చర్మం ఎక్కడ ఒరిసి పుండైంది, ఏ ఉద్యోగం ఎందుకు పోయింది అన్నవి తేదీతో సహా అందులో రాయాలి. అలాగే బాధితురాలి తరఫువారు కూడా ఆమెకు అందిన ప్రతి సమాచారాన్ని, అందకుండా పోయిన ప్రతి సందర్భాన్ని రాసి ఉంచుకోవాలి. సమీక్ష రోజున కంపెనీ సమర్పించే నివేదికలో ఉల్లంఘనల మొత్తం సంఖ్య ఒక్కటే ఉంటే, ఆ రెండు పుస్తకాలను దాని పక్కన పెట్టి, ప్రతి ఉల్లంఘన వెనుక ఏం జరిగిందో ఒక్కొక్కటిగా చెప్పమని కోర్టును కోరండి.